పదహారో ట్రాక్

"చెరిపేస్తావా, చెరపవా?" అన్నాడు తండ్రి మూడోసారి.

కూతురు చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీయలేదు. తీయకపోయినా ఆమెకు వినబడిందని ఆయనకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు స్టూడియోలో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేసినవాడికి, హెడ్‌ఫోన్లలో ఏదైనా మోగుతోందో లేదో ఎదుటివాళ్ళ ముఖం చూస్తే తెలిసిపోతుంది. వాటిలో ఏమీ మోగడం లేదు.

"నిన్నే అడుగుతున్నాను."

"మెల్లిగా నాన్నా. అమ్మ వంటింట్లో ఉంది."

ఆ ఒక్క మాటతో ఆయన గొంతు సగానికి పడిపోయింది. వీధిలో అందరూ ఆయన్ని సౌండాయన అంటారు. పక్కింటి మిక్సీ అరుపు విని, అందులో ఏం పాడైందో గోడ ఇవతల నుంచే చెప్పగల మనిషి. నాలుగు రోజులుగా ఆ మనిషి సొంత ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాడు.

ముందుగదిలో సోఫా గోడకు జరిపేసి, దాని చోట అద్దెకు తెచ్చిన పాత టేపు యంత్రం పెట్టారు. ముప్పై ఏళ్ళ కిందటి పాటను శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తామని మ్యూజిక్ కంపెనీ అంటే, ఆ పని కూతురే అడిగి మరీ తీసుకుంది. తల్లి పాడిన పాట, తండ్రి రికార్డు చేసిన పాట. ఇంతకంటే ఏం కావాలి అనుకుంది పాపం.

ఆ పాట తెలియనివాళ్ళు లేరు. సినిమా రెండు వారాలు ఆడి పెట్టె సర్దుకుంది గానీ పాట మాత్రం ఎక్కడికీ పోలేదు. బస్సుల్లో ఉంది, మంగలి షాపుల్లో ఉంది, ప్రేమించినవాళ్ళు విడిపోయిన ప్రతి ఇంట్లోనూ ఉంది. 'వెళ్ళేముందు ఒక్కసారి వెనక్కి చూడు' అన్న రెండో చరణం చివరి మాట దగ్గర గాయని గొంతు సన్నగా జీరపోతుంది. ఆ జీర కోసమే జనం పాటంతా వింటారు.

టేపు మీద మొత్తం పదహారు ట్రాకులు. పదిహేనింటి మీద వాయిద్యాలూ గొంతూ ఉంటాయి. పదహారోదాన్ని మాత్రం సౌండాయన ఖాళీగా వదిలేవాడు కాదు. తను కూర్చునే గదిలోని మైకును దానికి తగిలించేవాడు. సంగీత దర్శకులు ఇప్పుడొకటి చెప్పి గంటకు 'నేనలా అనలేదే' అంటారు కాబట్టి, ఎందుకైనా మంచిదని ఆయన పెట్టుకున్న అలవాటు. ఎవరెవరి మాటలో పట్టుకుందామని వేసిన వలలో చివరికి తన నోరే పడుతుందని ఆయన అనుకోలేదు.

"ఆ ట్రాక్ కంపెనీకి అక్కర్లేదు," అన్నాడు ఆయన. "పాటకి దానితో పని లేదు. చెరిపినా ఎవరూ అడగరు."

"నేను అడుగుతాను. నిన్న అమ్మ ఆ టీవీవాళ్ళ ముందు ఏం చెప్పిందో విన్నావుగా?"

విన్నాడు. పాట చరిత్ర చెప్పమని వాళ్ళు అడిగితే, ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆమె కెమెరా ముందు చెప్పేసింది. 'నేను పాడుతుండగా ఆస్పత్రి నుంచి చీటీ వచ్చింది. మా అమ్మ చావుబతుకుల్లో ఉంది, నన్ను చూడాలంటోంది, వెంటనే రమ్మని. ఆ చీటీని మాస్టారు గంటసేపు దగ్గర పెట్టుకుని నాతో పాడించారు. నేను వెళ్ళేసరికి మా అమ్మ లేదు.'

మాస్టారంటే ఆ పాటకు సంగీతం కట్టినాయన. పోయి పదకొండేళ్ళయింది. కార్యక్రమం ఆదివారం వస్తుంది.

"చీటీ ఆపింది మాస్టారు కాదు నాన్నా, నువ్వు. ఆదివారం ఊరూవాడా ఆయన్ని తిడతారు. నువ్వు సోఫాలో కూర్చుని చూస్తావా?"

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆయన పని. చెబితే భార్య పోతుంది, చెప్పకపోతే కూతురు పోతుంది.

"సాయంత్రంలోపు నువ్వే అమ్మకి చెప్పు. లేకపోతే నేను వినిపిస్తాను," అంది కూతురు. అని, ఏమీ మోగని ఆ హెడ్‌ఫోన్లు అప్పుడు తీసి బల్ల మీద పెట్టింది.

*

భోజనాల దగ్గర తల్లి ఒక్కతే మాట్లాడింది.

"రాత్రి ఎంత హాయిగా నిద్రపట్టిందో తెలుసా? మంచం ఎక్కడమే గుర్తు. ముప్పై ఏళ్ళుగా గొంతులో ముల్లు పెట్టుకుని తిరిగాను. నిన్న తీసి అవతల పారేశాను."

కూతురు కంచంలోంచి తల ఎత్తలేదు.

"పోయినవాళ్ళని అనకూడదంటారు. మాస్టారు బతికున్నప్పుడు నలుగురిలో కడిగేద్దామంటే మీరు నన్ను అననిచ్చారా?" అంది భర్తను చూసి నవ్వుతూ. "ఎప్పుడు ఆ మాటెత్తినా పోనీలే, పోనీలే. ఇంత మెత్తటి మనిషిని నేనెక్కడా చూడలేదు."

ఆయన నీళ్ళు తాగాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు, కూర్చోలేడు. ఆయన ఆ ఇంట్లో అలా ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉన్నాడు.

ఆమె ఆ తర్వాత మాస్టారి పాట ఒక్కటీ పాడలేదు. ఏడు సినిమాలకు ఆయన కబురు పెడితే ఏడుసార్లూ రానంది. మాస్టారి పాట కాదన్నవాళ్ళను ఆ రోజుల్లో ఇంకెవరూ పిలిచేవాళ్ళు కాదు. దేశమంతా తన గొంతు వింటుంటే, ఆమె బడిలో చిన్నపిల్లలకు సంగీతం చెప్పుకుంటూ బతికింది. చేతిలో విద్య ఉండి, దాన్ని చేతులారా పూడ్చిపెట్టుకుంది. ఎవరి మీద కోపంతో ఆ పని చేసిందో ఆ మనిషి ఆ కోపానికి తగినవాడు కాడని చెప్పాల్సిన ఒకే ఒక్కడు రోజూ ఆమె వడ్డించింది తిని చేయి కడుక్కున్నాడు.

"ఆ రోజు..." అన్నాడు ఆయన.

"ఊఁ?"

"ఆ రోజు చీటీ సంగతి..."

"ఇప్పుడెందుకులెండి. తినండి ముందు." ఆమె కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న నన్ను స్కూటర్ ఎక్కించుకుని ఎలా తోలారనుకున్నావే! ఎర్రలైట్లు లేవు, పోలీసులు లేరు. నేను వెనక ఏడుస్తుంటే ఆయన ముందు ఏడుస్తున్నారు. అంతమంది ఉన్నారు స్టూడియోలో. నా కోసం లేచింది ఈయన ఒక్కరే. అమ్మ పోయిన రోజునే నాకు దేవుడు ఈ మనిషిని చూపించాడనుకున్నాను."

కూతురు కుర్చీ వెనక్కి జరిపి లేవబోయింది.

"కూర్చో. ఇంకొకటి చెప్పనా? నిన్న టీవీవాళ్ళకి కూడా చెప్పలేదు." ఆమె గొంతు తగ్గింది. "అందరూ ఆ జీర గురించే అడుగుతారు కదా. ఎలా పలికించారండీ అని. నేను పలికించలేదు. చివరిసారి పాడుతుంటే దానంతటదే వచ్చింది. సరిగ్గా అమ్మ ప్రాణం పోయింది ఆ నిమిషంలోనే. నాకెవరూ చెప్పలేదు గానీ నా గొంతుకి తెలిసింది. ఎక్కడో లోపల అమ్మని సాగనంపాను నేను. ఆ ఒక్కటీ లేకపోతే ఈ పాట మోగిన ప్రతిచోటా చెవులు మూసుకుని పరిగెత్తేదాన్ని."

కూతురు మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

సౌండాయన కంచం పక్కన చేయి ఆనించి, ఇంకో మాట అందామని నోరు తెరిచాడు. ఆమె ఆయన చేతి మీద తన చేయి వేసి తట్టింది.

"మీరేమీ చెప్పొద్దు. మీరు చెప్పకపోయినా నాకు తెలుసు," అంది.

ఆయన నోరు మూసుకున్నాడు. అంత దయ చూపించిన మనిషి ముందు నిజం చెప్పాలంటే గుండె ఉండాలి. ఆయనకు ఉన్నవి చెవులే.

*

నాలుగింటికి తలుపు తట్టిన చప్పుడైంది.

తీసింది సౌండాయన భార్యే. ఎదురుగా చేతికర్రతో ఓ పెద్దావిడ నిలబడి ఉంది. మాస్టారి భార్య. ఒకప్పుడు స్టూడియోలో అందరికీ ఇంటి నుంచి కాఫీ పంపించిన మనిషి. ఇద్దరూ ఎదురుపడి ముప్పై ఏళ్ళయింది.

"లోపలికి రమ్మనవా అమ్మాయ్?"

"మీరు రావాల్సిన ఇల్లు కాదిది."

"తెలిసే ఇన్నాళ్ళూ రాలేదు. కాళ్ళు నొప్పి. కాసేపు కూర్చుని వెళతాను."

ఆమె పక్కకు తప్పుకుంది. పెద్దావిడ గోడవారగా ఉన్న సోఫాలో కూర్చుని, టేపు యంత్రాన్నీ, దాని ముందున్న కూతురినీ, కిటికీ దగ్గర నిలబడ్డ సౌండాయననూ వరసగా చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చొక్కా సవరించుకున్నాడు.

"మంచినీళ్ళు తెస్తానమ్మగారూ."

"నీళ్ళు వద్దు నాయనా. ఇక్కడే ఉండు."

ఆయన అక్కడే ఉండిపోయాడు.

"టీవీవాళ్ళు పొద్దున ఫోన్ చేశారు," అంది పెద్దావిడ. "నువ్వన్న మాట చదివి వినిపించి, దీనికి మీరేమంటారని అడిగారు. ఆలోచించుకుని చెబుతానన్నాను."

"ఆలోచించడానికి ఏముంది? ఉన్నమాటే అన్నాను."

"ఆ ఒక్క మాటా తీసెయ్యమని వాళ్ళకి చెప్పమ్మా. ఇంకేమన్నా అనుకో. సొంత ఇల్లు పోయి అద్దింట్లో పడ్డాం, హార్మోనియం పోయింది, మనిషి పోయాడు. ఆయనకి ఇక ఉన్నది పేరొక్కటే."

"మా అమ్మకి ఏం ఉంది పిన్నిగారూ?"

పిలుపు పాతదే వచ్చేసింది. అది నచ్చక ఆమె ముఖం ఇంకా బిగుసుకుంది.

"అంత్యక్రియల రోజు మాస్టారు వచ్చారు. 'చీటీ ఎన్నింటికి వచ్చింది మాస్టారూ?' అని అడిగాను. తల దించుకున్నారు. ఆఫీసు గుమాస్తా చెప్పాడు నాకు, మూడున్నరకే ఆ గదిలో ఇచ్చానని. నా చేతికి వచ్చింది నాలుగున్నరకి. తప్పు చెయ్యకపోతే తల ఎందుకు దించుకుంటాడు మనిషి?"

పెద్దావిడ కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని సౌండాయన వైపు చూస్తూ కూర్చుంది. నువ్వు చెప్పు అనలేదు. చూసింది, అంతే.

"అటేం చూస్తారు? అడగండి. ఈయన ఆ గదిలోనే ఉన్నారు," అంది భార్య. "ఏవండీ, చెప్పండి ఆవిడకి."

ఇంతకంటే మంచి తరుణం ఆయనకు ఇక దొరకదు. అది ఆయనకూ తెలుసు.

"అందరం ఉన్నాం ఆ గదిలో," అన్నాడు. "ఆ కంగారులో ఎవరేమన్నారో... ఇన్నేళ్ళ తర్వాత ఎవరిదని చెప్తాం... మాస్టారు కూడా పాపం..."

"నాన్నా," అంది కూతురు.

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

కూతురు యంత్రం మీద మీట నొక్కింది.

ముందు గాలి వీచినట్టు టేపు చప్పుడు. తర్వాత దూరంగా వయొలిన్లు. వాటి మీద, దగ్గరగా, రెండు మగగొంతులు.

'గంట కావస్తోందయ్యా. చీటీ ఇలా ఇవ్వు. పిల్లని పంపించేద్దాం.'

'తలుపు ముట్టుకోకండి మాస్టారూ. ఎర్రలైటు వెలుగుతోంది.'

రికార్డింగ్ జరుగుతోందని చెప్పే ఆ ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ ఆ గదికి ఇంజనీరే రాజు. నిర్మాతైనా సరే పాడే గది తలుపు తీయడానికి లేదు. ఆ కట్టుబాటు ఆ గదిలో అందరికీ తెలుసు.

'వాళ్ళమ్మ అడుగుతోందటయ్యా.'

'ఆస్పత్రివాళ్ళు ఎప్పుడూ ఇలాగే కంగారు పెడతారు. ఇప్పుడు చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే వారం దాకా ఈ గొంతు రాదు. ఒక్క చరణం, శుభ్రంగా ఒక్కటి వచ్చిందంటే నేనే స్కూటర్ మీద దింపుతాను.'

'పాపం తగులుతుంది.'

'తగిలితే నాకు తగలనివ్వండి. ఉష్... వస్తోంది.'

కూతురు టేపు ఆపేసింది.

ఆ రెండో గొంతు ఎవరిదని భార్య అడగలేదు. ఆ గొంతు రోజూ పొద్దున్నే ఆమెను నిద్రలేపుతుంది. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానని అడుగుతుంది. జ్వరం వస్తే మందు వేసుకున్నావా అంటుంది.

ఆమె భర్త వైపు చూడలేదు. పెద్దావిడ వైపు చూసింది.

"మీకు తెలుసా?"

"తెలుసు. పోవడానికి ఏడాది ముందు చెప్పారు."

"మరి అప్పుడైనా..."

"నేనూ అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. 'లైటు లేదు, గీటు లేదు, నేను లేచి తలుపు తియ్యాల్సింది. తియ్యలేదు, సగం పాపం నాది. ఆ పిల్లకి తల్లి ఎలాగూ పోయింది. ఉన్న ఒక్క మొగుణ్ణీ నేను తీసేయనా? నన్ను తిట్టుకోనీ, నాకేం పోయింది' అన్నారు. తిట్టించుకున్నారు."

"మీరు ఊరుకున్నారు."

"నిన్నటిదాకా ఊరుకున్నాను. ఇక నా వల్ల కాలేదమ్మా."

సౌండాయన కిటికీ దగ్గర నుంచి రెండడుగులు వచ్చాడు.

"నేను చెబుదామనే అనుకున్నాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"పెళ్ళికి ముందు. ఒకసారి నోటిదాకా వచ్చింది."

"తర్వాత?"

"తర్వాత పాప పుట్టింది."

"ఓహో. పాప అడ్డొచ్చిందన్నమాట."

ఆమె నవ్వినట్టే అంది. ఆ నవ్వు వినలేక కూతురు చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఆయన ఇంకేదో అన్నాడు. క్షమించమనే మాటే అయి ఉంటుంది గానీ సగంలో తెగిపోయింది. శబ్దాలు తప్ప మాటలు పట్టుబడని మనిషి.

"మళ్ళీ పెట్టు," అంది ఆమె కూతురితో.

"వద్దమ్మా."

"వాళ్ళ మాటలు కాదు. నా గొంతు. చరణం చివర."

కూతురు తండ్రి వైపు చూసింది. ఇందాకటి నుంచీ ఆయన ముఖంలో సిగ్గుంది. ఇప్పుడు భయం కనబడింది.

"దాంతో పనేముంది? వదిలెయ్," అన్నాడు ఆయన.

"పెట్టవే," అంది ఆమె.

కూతురు పెట్టింది.

ఇరవై మూడేళ్ళ పిల్ల గొంతు ముందుగదిలోకి వచ్చింది. తొందర లేకుండా, ఏమీ తెలియకుండా పాడింది. 'వెళ్ళేముందు' దగ్గర కాస్త ఆగింది, 'ఒక్కసారి' అని పైకి వెళ్ళింది, 'వెనక్కి చూడు' అని మెల్లిగా దిగివచ్చి ఎక్కడా చెదరకుండా ఆగిపోయింది.

ఆమె తల వంచి ఇంకా వింటూనే ఉంది. పాట అయిపోయాక కూడా కొంతసేపు విన్నది.

"జీర ఏదీ?"

కూతురు టేపు ఆపింది.

"ఇదేనా నేను చివరిసారి పాడింది?"

"ఇదే," అంది కూతురు. "మొదటిసారి పాడిన టేకు విడిగా పద్నాలుగో ట్రాక్ మీద ఉంది. తర్వాత పాడినవన్నీ ముందుది చెరిపి దాని మీదే, పదిహేనో ట్రాక్‌లో తీశారు. చివరిది మిగిలింది."

"సినిమాలో వచ్చింది?"

కూతురు తల దించుకుంది.

"నిన్ను కాదు అడిగేది," అంది ఆమె. ఆ మధ్యాహ్నం మొదటిసారి భర్త ముఖంలోకి చూసింది. "సినిమాలో వచ్చింది ఏ టేకండీ?"

ఆయనకు అబద్ధాలు కూడా అయిపోయాయి.

"మొదటిది."

"జీర మొదటిదాంట్లోనే వచ్చిందా?"

"ఆఁ."

"అప్పటికి మా అమ్మ..."

"బతికే ఉంది. మూడున్నర అప్పటికి. మధ్యాహ్నం నువ్వు భోజనం చెయ్యలేదు. అలసిపోయి గొంతు తెగింది, అంతే. అది బాగా లేదని, శుభ్రంగా ఇంకొకటి తీసుకుందామని... అప్పుడే గుమాస్తా చీటీ తెచ్చాడు. మర్నాడు డైరెక్టరు రెండూ విని, మొదటిదే బాగుంది, అదే ఉంచండి అన్నాడు."

లెక్క చూసుకుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి. స్టూడియో నుంచి ఆస్పత్రికి స్కూటర్ మీద ఇరవై నిమిషాలు.

"అంటే, చీటీ వచ్చేసరికి నేను పాడేశాను," అంది చివరికి. "పాట అయిపోయింది."

"అయిపోయింది," అన్నాడు ఆయన.

ఆమె లేచి సోఫా దగ్గరికి వెళ్ళింది. కన్నీళ్ళు లేవు. బడిలో పిల్లలను పలకరించినంత మామూలుగా అడిగింది.

"పిన్నిగారూ, మీ ఇంట్లో నాకొక గది ఉంటుందా?"

నిన్న తన భర్త పేరు బజారుకీడ్చిన మనిషిని పెద్దావిడ తలెత్తి చూసింది. కర్ర ఆనించుకుని, రెండో చేయి ఆమెకు అందించి, మెల్లిగా లేవడం మొదలుపెట్టింది.